సలోమమ్మ సాయంత్రపు స్తోత్రం

క్రిస్మస్‌కు ముందు వారాల్లో రాబర్ట్‌సన్‌పేట మార్కెట్టులోకి అడుగుపెడితే ముందుగా ముక్కుకు తగిలేది అనపకాయల వాసన. గోనెపట్టాల మీద కుప్పలుగా పోసిన, చిక్కుళ్ళలాంటి పచ్చటి కాయలు మంచుకు తడిసి జిగురుజిగురుగా ఉంటాయి. ముట్టుకున్న చేతిని సబ్బుతో కడిగినా సాయంత్రం దాకా ఆ వాసన పోదు. మొన్న శనివారం కాయలు ఏరుకుంటూ ఉంటే ఉన్నట్టుండి నా గుండె దడదడ కొట్టుకుంది. ఎందుకో కాసేపటికి గానీ అర్థం కాలేదు. పదకొండేళ్ళ కిందట ఇదే కాలంలో, వేళ్ళకు ఇదే వాసన అంటుకుని ఉండగా, నేను ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయాను. ఆ రోజు నా పక్కన కూర్చున్న మనిషి గురించి రాయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. ఆమె పేరు సలోమమ్మ. కోలారు జిల్లా బంగారు గనుల ఊళ్ళో మా పేట చాంపియన్ రీఫ్స్ దాటితే ఆమెను ఎరిగినవాళ్ళు తక్కువ.

నా పేరు శాంత. పేరుకూ నాకూ ఏ సంబంధమూ లేదని మా ఆయన డానియేలు నవ్వుతుంటాడు. చిన్నప్పటి నుంచి నేను భయస్తురాలిని. మా నాన్న క్యాసంబళ్ళిలో టమాటా, మల్బరీ వేసేవాడు. ఆయన తోటకు నీళ్ళు కట్టడానికి పోయి ఒక గంట ఆలస్యం చేస్తే పాము కరిచిందనే అనుకునేదాన్ని. పెళ్ళయి చాంపియన్ రీఫ్స్‌కు వచ్చాక నా భయానికి పని పెరిగింది. అప్పటికే గనులు మూతపడి చాలా ఏళ్ళయింది. గని కూలీల కోసం కట్టిన ఆ లైను ఇళ్ళలోని మగవాళ్ళు తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరుకు పనికి పోయేవాళ్ళు. డానియేలు అక్కడ ఒక ఫ్యాక్టరీలో ఫిట్టరు. పొద్దున అతను గడప దాటిన క్షణం నుంచి సాయంత్రం రైలు కూత వినిపించే దాకా నాకు ముద్ద దిగేది కాదు. గనులు పోయినా, మగవాళ్ళ కోసం ఎదురుచూడటం మాత్రం ఆ ఇళ్ళ ఆడవాళ్ళను వదల్లేదు.

మా ఇంటికీ సలోమమ్మ ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆ గోడ పైన రేకుల దాకా పోదు, జానెడు సందు ఉంటుంది. తిరగమోత ఘాటు, దగ్గు, పాత్రల చప్పుడు, అన్నీ ఆ సందులోంచి ఇటూ అటూ వచ్చేవి. ఆమె అప్పటికి అరవై దగ్గరపడిన మనిషి. ఒంటరిది. పొట్టిగా, బలంగా ఉండేది, నవ్వితే భుజాలు కూడా నవ్వేవి. నేను కాపురానికి వచ్చిన మొదటి వారంలోనే ఒకరోజు దీపాలు పెట్టే వేళ ఆమె పైకే ప్రార్థన చేసుకోవడం విన్నాను. మా ఊరి పెద్దల ప్రార్థనలు నాకు అలవాటే. వాటిలో పెద్ద పెద్ద మాటలు ఉండేవి, గొంతులు బరువుగా పలికేవి. ఈమె మాత్రం కొళాయి దగ్గర పక్కింటామెతో మాట్లాడుతున్నట్టు మాట్లాడుతోంది.

“ప్రభువా, ఈ దినం నీళ్ళు తొమ్మిది దాకా వచ్చినాయి, స్తోత్రం. పొద్దున మోకాలు నొచ్చింది, మధ్యాన్నం ఆ సంగతే మర్చిపోయినాను, స్తోత్రం. చారులో ఉప్పు సరిగ్గా పడింది, స్తోత్రం. పక్కింటికి వచ్చిన కొత్త కోడలు బట్టలు ఆరేస్తా నన్ను చూసి నవ్వింది, స్తోత్రం.”

నేను గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. నిజానికి ఆ నవ్వు భయంతో వచ్చింది. కొత్తచోట ఎవరైనా నా వంక చూస్తే ఏం చేయాలో తోచక నవ్వేస్తాను. అది ఒక మనిషి ప్రార్థనలోకి పోయి కూర్చుంటుందని నేను అనుకోలేదు. ఆ సాయంత్రం కూర కొంచెం మాడింది.

తరవాత తరవాత ఆమె నన్ను పిలిచి తన గడప మీద కూర్చోబెట్టుకోవడం మొదలుపెట్టింది. “నువ్వూ ఒకటి చెప్పు” అనేది. నేను బైబిలు చదివే ఇంట్లో పుట్టినదాన్నే కనుక తడుముకోకుండా చెప్పాను. “దేవుడు ప్రాణం ఇచ్చినాడు, తిండి ఇచ్చినాడు, బట్ట ఇచ్చినాడు.”

ఆమె తల అడ్డంగా ఊపింది. “అది అందరూ చెప్పేదే కదమ్మా. నిన్న ఇదే పొద్దు నుంచి ఈ దినం ఇదే పొద్దు దాకా, నీకి, ఏమి జరిగిందో అది చెప్పు.”

నేను వెతికాను. ఏమీ దొరకలేదు. దొరికినవన్నీ భయాలే. రైలు నిండా జనం, డానియేలు తలుపు దగ్గర వేలాడుతూ పోయి ఉంటాడు. అమ్మకు మళ్ళీ దగ్గు వచ్చిందట. ఆమె ముఖం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఏ బాధా లేని మనిషికి ఇట్లాంటి ఆటలు బాగానే ఉంటాయి అనుకున్నాను. ఆమె గురించి నాకు అప్పటికి ఏమీ తెలియదు.

పెళ్ళయిన నాలుగేళ్ళలో రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి చర్చి నుంచి చాలామంది వచ్చారు. అంతా మేలుకే అన్నారు, దేవుని చిత్తం అన్నారు. సలోమమ్మ మాత్రం నా బట్టలు ఉతికింది, రాగి జావ కాచి తెచ్చింది, గిన్నె ఖాళీ అయ్యే దాకా కూర్చుని పోయింది. ఒకటి చెప్పమని నన్ను చాలా రోజులు అడగలేదు. గోడ పైనుంచి వినిపించే ఆమె ప్రార్థన కూడా ఆ రోజుల్లో గుసగుసగా మారిపోయింది. నాకు వినపడకూడదనే గొంతు తగ్గించిందని చాలా కాలం తరవాత తెలిసింది.

మూడోసారి నెల తప్పినప్పుడు నేను సంతోషపడలేదు. సంతోషపడటానికి ధైర్యం చాలలేదు. ఐదో నెల దాకా పుట్టింటికి కూడా చెప్పనివ్వలేదు. బిడ్డ కదలడం మొదలయ్యాక పొద్దున్నే మంచం మీద నుంచి లేవకుండా కడుపు మీద చేయి వేసుకుని పడుకునేదాన్ని. కదిలితే పొయ్యి వెలిగించేదాన్ని. ఏడో నెల చివర, డిసెంబరులో ఒకరోజు, పొయ్యి వెలిగించే వేళ దాటిపోయింది. బిడ్డ కదల్లేదు. డానియేలు అప్పటికే వెళ్ళిపోయాడు. కాసేపు చూద్దాంలే అనుకుంటూ సలోమమ్మ గడప దగ్గరికి పోయి కూర్చున్నాను. ఆమె ముందు నానబెట్టిన అనపగింజల గిన్నె ఉంది. నేను కూడా గింజలు పితకడం మొదలుపెట్టాను. రెండు వేళ్ళ మధ్య నొక్కితే పప్పు జారి పళ్ళెంలో పడేది, తోలు వేళ్ళకు అంటుకునేది. ఒక్కో గింజకూ ఒకసారి కడుపులోకి చెవి పెట్టి విన్నట్టు ఆగేదాన్ని. ఆమె నా చేతుల్నే చూస్తూ ఉంది.

“ఏమి శాంతా?”

“పొద్దున నుంచి కదల్లేదు పెద్దమ్మా.”

ఆమె పళ్ళెం పక్కకు నెట్టి లేచింది. చేతులు కూడా కడుక్కోలేదు. పది నిమిషాల్లో మేము ఆటోలో ఉన్నాం. ఊళ్ళో డాక్టరమ్మ స్కాను చేసి, బిడ్డ గుండె కొట్టుకుంటోంది గానీ నెమ్మదిగా ఉంది, వెంటనే కోలారు పెద్దాసుపత్రికి పొమ్మంది. అంబులెన్సులో నేను పడుకుని ఉన్నాను, సలోమమ్మ నా పాదాల దగ్గర బల్ల మీద కూర్చుంది. ఆమె పెదవులు కదలడం చూశాను. నాలో ఏదో తెగింది.

“పెద్దమ్మా, ఇప్పుడు స్తోత్రం అనొద్దండీ. ఆ మాట నా చెవిన పడితే నేను దిగిపోతాను.”

“అనను” అంది. కోలారు చేరే దాకా నా పాదం పట్టుకుని ఊరికే కూర్చుంది.

అక్కడ ఆపరేషన్ చేయాలన్నారు. థియేటరు ఖాళీ కావడానికి ఇంకా సేపు పడుతుంది, డానియేలు బెంగళూరు నుంచి బయలుదేరాడు, ఇంకా దారిలో ఉన్నాడు. నన్ను ఒక వరండాలో తోపుడు మంచం మీద పడుకోబెట్టారు. నాకు పళ్ళు టకటకలాడుతున్నాయి. మాట్లాడుతూ ఉండమని సలోమమ్మను అడిగింది నేనే. అప్పుడు ఆమె తన సంగతి మొదటిసారి చెప్పింది.

ఆమెకు ఇరవై ఏడేళ్ళప్పుడు గని లోపల ఒత్తిడికి బండ పేలింది. భర్త ఆ షిఫ్టులో ఉన్నాడు. మూడు రోజులు మిగతా ఆడవాళ్ళతో కలిసి, గనిలోకి దిగే షాఫ్టు గేటు బయట నేల మీద కూర్చుంది. మూడో రోజు శవాన్ని పైకి తెచ్చారు.

“సమాధి కాడనే ఒక పెద్దాయన చెప్పినాడు, దీనికి కూడా స్తోత్రం చెప్పాలమ్మా అని. నేను లేచి ఇంటికి వచ్చేసినాను. ఇంగ ఒక సంవత్సరం చర్చి గడప తొక్కలేదు. పనికి పోతాను, వస్తాను, పండుకుంటాను. ఒకనాడు పొద్దున్నే బిందెలో నీళ్ళు ముంచుకుంటా ఉంటే అనిపించింది, ఈ నీళ్ళు నేను పట్టలేదే అని. నిన్నా పట్టలేదు. మొన్నా పట్టలేదు. ఆయన పోయినప్పటి నుంచి నేను కొళాయి కాడికి పోనే లేదు. బిందె మాత్రం దినామూ నిండే ఉండాది.”

“ఎవరు పట్టినారు?”

“మర్నాడు చీకటితోనే లేచి తలుపు సందులోంచి చూసినాను. ఎదురు లైనులో ఉండే పాపాయమ్మ. వాళ్ళాయన కూడా ఆ షిఫ్టులోనే దిగినాడు. బతికి వచ్చినాడు. నా మొగం చూడలేక, నేను లేవకముందే వచ్చి నీళ్ళు పోసి పోతా ఉండాది. ఒక సంవత్సరం, శాంతా. నేను తాగినాను, ఎవరు తెచ్చినారో చూడలేదు.”

ఆమె నా పాదం మీద దుప్పటి సర్దింది. “మా ఆయన పోయినదానికి నేను ఈ దినం దాకా స్తోత్రం చెప్పలేదు. దేవునికి తెలుసు, నేను చెప్పను. ఆ బిందెకు చెప్పినాను. అది చెప్పినాక బోరున ఏడ్చినాను, ఏడుస్తానే నవ్వు వచ్చింది. సంవత్సరం తరవాత వచ్చిన నవ్వు. ఆదివారం పాపాయమ్మను పిలుచుకుని చర్చికి పోయినాను.”

అంతలో నన్ను లోపలికి తీసుకుపోయారు.

ఆడపిల్ల. కిలోన్నరకి కొంచెం పైన. ఏడవలేదు అన్నారు, తరవాత ఏడ్చింది అన్నారు. నేను చూసేసరికి గాజు పెట్టెలో ఉంది. ఒంటి నిండా తీగలు, ముక్కులో గొట్టం. డాక్టరు ఏ మాటా ఖాయంగా చెప్పలేదు. రోజులు గడిస్తే చెప్తామన్నారు. మొదటి మూడు రోజులు గాజు తలుపు బయట బల్ల మీద కూర్చుని ఆ చిన్న రొమ్ము పైకీ కిందికీ ఆడటం చూస్తూ ఉన్నాను. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య నేను ఊపిరి తీసుకునేదాన్ని కాదు. నాలుగో రోజు మధ్యాహ్నం ఒక నర్సు వచ్చింది. పేరు తెలియదు, నాకంటే చిన్న పిల్ల. చేతులు కడుక్కుని, పెట్టె తెరవబోయి ఆగింది. రెండు అరచేతులూ గట్టిగా రుద్దుకుంది. చెంపకు ఆనించి చూసుకుంది. చాలలేదేమో, మళ్ళీ రుద్దుకుంది. అప్పుడు గానీ లోపలికి చేయి పెట్టలేదు. చల్లటి చేయి తగిలితే బిడ్డ ఉలిక్కిపడుతుందని.

నన్ను ఎవరూ చూడటం లేదని తెలిసి కూడా నేను నవ్వాను. నాకే ఆశ్చర్యం వేసింది. భయం తగ్గలేదు, బిడ్డ బతుకుతుందో లేదో ఇంకా ఎవరికీ తెలియదు. అయినా ఆ భయం పక్కనే కొంచెం చోటు చేసుకుని ఇంకేదో వచ్చి కూర్చుంది. దానికి ఆనందం అని పేరు పెట్టడానికి ఆ రోజు నాకు నోరు రాలేదు. ఇప్పుడు పెడతాను.

సాయంత్రం సలోమమ్మ బస్సులో వచ్చింది. “పెద్దమ్మా, ఒకటి ఉండాది” అన్నాను. మొత్తం చెప్పాను. నేను ముందే చెప్పలేదా అని ఆమె అంటుందేమో అనుకున్నాను. ఆమె మాత్రం కళ్ళు పెద్దవి చేసుకుని, “యాడ ఆనించుకుంది? కుడి చెంపకా, ఎడమ చెంపకా?” అని అడిగింది. మనుషులు పెళ్ళి కబుర్లు ఎట్లా అడుగుతారో అట్లా అడిగింది. గుర్తులేదన్నాను. “రేపు సరిగ్గా చూడు” అంది.

పందొమ్మిది రోజుల తరవాత పాపను ఇంటికి తెచ్చుకున్నాం. కెరెన్ అని పేరు పెట్టాం. అయితే ఇల్లు చేరడంతో నా భయం పోయిందనుకుంటే పొరపాటు. పాప మొదటి పుట్టినరోజుకు డానియేలు ఇంట్లో కృతజ్ఞతా కూడిక పెట్టాలన్నాడు. నేను ఒప్పుకోలేదు. రెండు రోజులు ఇంట్లో మాటలు లేవు. మూడో రోజు సలోమమ్మ గోడ అవతల నుంచే, “శాంతా, ఇట్ల రా” అంది.

నేను పోయి నిజం చెప్పేశాను. “అందరి ముందర నిలబడి నా బిడ్డ బతికింది, నాకి చానా సంతోషంగా ఉంది అని చెప్తే, ఆ మాటకే ఏదో ఒకటి వస్తాదని భయం పెద్దమ్మా. సంతోషం బయటపెడితే పోతాదని.”

ఆమె ఒళ్ళో చాట ఉంది. బియ్యంలో రాళ్ళు ఏరుతూ ఉంది.

“షాఫ్టు గేటు కాడ మూడు దినాలు ముందుగానే ఏడ్చి పెట్టుకున్నాను. ఇప్పుడే ఏడ్చేస్తే, శవం వచ్చినప్పుడు కొంచెం తగ్గుతాదేమో అనుకున్నాను. తగ్గలేదమ్మా. ఆ దినం ఏడవాల్సింది ఆ దినం అంతా ఏడ్చినాను.” చాట పక్కన పెట్టి నా వైపు చూసింది. “ముందు ఏడ్చినందుకు వెనక ఏమీ తగ్గలేదు. ఈ దినం నవ్వితే మాత్రం రేపటి ఏడుపు యాల పెరుగుతాది?”

కూడిక జరిగింది. సాక్ష్యం చెప్పమని పాస్టరుగారు అడిగారు. నేను ఎక్కువ చెప్పలేదు. పేరు తెలియని ఒక నర్సు చేతులు రుద్దుకోవడం గురించి చెప్పి కూర్చున్నాను. వెనక వరసలో సలోమమ్మ భుజాలు కదులుతున్నాయి. నవ్వుతోందో ఏడుస్తోందో తెలియలేదు.

ఆమె గురించి నేను ఒక తప్పు చాలా ఏళ్ళు మోశాను. ఆమెకు భయం లేదనుకున్నాను. పగలంతా ఆమె తలుపు బార్లా తెరిచి ఉండేది. గాలికి దుమ్ము కొట్టుకువచ్చినా మూసేది కాదు. వచ్చేపోయే వాళ్ళ కోసమని, ఆమె మనసు అంత విశాలమని నేను అందరికీ చెప్పేదాన్ని. కెరెన్‌కు ఐదేళ్ళప్పుడు చలిగాలికి ఆయాసం వచ్చింది. గాలి పాపకు తగలకూడదని ఆమె ఇంట్లో కూర్చున్నప్పుడు నేనే తలుపు మూశాను. కొంతసేపటికి ఎవరో వచ్చి తలుపు తట్టారు. సలోమమ్మ చేతిలోని గ్లాసు జారి కిందపడింది. ముఖం తెల్లగా పాలిపోయింది. పాలమ్మాయి వచ్చింది, అంతే.

ఆమె నేల తుడుస్తూ తల ఎత్తకుండానే చెప్పింది. “ఆ దినం గని నుంచి కబురు తెచ్చిన మనిషి తలుపు తట్టినాడు. అప్పటి నుంచి తట్టే పని ఎవరికీ లేకుండా తెరిచే పెట్టుకుంటాను.”

“ఇన్నేళ్ళయినా భయమా పెద్దమ్మా?”

“నీకంటే ఎక్కువ. పొద్దున లేస్తే ముందు అదే లేస్తాది. సాయంత్రం దాకా అది చెప్పేదే వింటా కూర్చుంటే నేను పిచ్చిదాన్ని అయిపోయి ఉందును. అందుకే దీపాల వేళకి ఇంగోటి చెప్పుకుంటాను. దేవుడు నా మొర విన్నట్టే ఇదీ వింటాడు.”

ఆ రోజు నాకు ఆమె మీద ఉన్న గౌరవం పెరిగింది, లోపల ఉన్న కొంచెం అసూయ కూడా పోయింది. ఆమె పుట్టుకతో అట్లా లేదు. మందు వేసుకునే మనిషిలా, ఆ స్తోత్రాన్ని వదలకుండా రోజూ వేసుకుంది.

రెండేళ్ళ కిందట ఆమె గుండె నీరసించింది. కాళ్ళు వాచాయి. ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచి, ఇంక ఇంట్లోనే చూసుకోమన్నారు. నేనూ, లైనులో ఇంకో ఇద్దరు ఆడవాళ్ళమూ వంతులు వేసుకున్నాం. చివరి వారం ఆమెకు మాట రావడమే కష్టమైంది. దీపాల వేళ అయ్యేసరికి మాత్రం కళ్ళు తెరిచి నా వైపు చూసేది. ఆమె బదులు నేనే చెప్పాలని అర్థమైంది. మొదటిరోజు దీపం వెలిగించి వచ్చి కూర్చున్నాను. ఆమె పోతోంది, నేను దేనికి స్తోత్రం చెప్పాలి? చెప్పాను. మెడ కింద దిండు సరిగ్గా కుదిరిందని చెప్పాను. కెరెన్ వచ్చి పద్యం అప్పజెప్పి పోయిందని చెప్పాను. ఆమె రెప్పలు మూసి వింటూ ఉండేది.

శుక్రవారం పొద్దున నుంచి ఏమీ తినలేదు. మధ్యాహ్నం తరవాత గంజి పెడితే కొంచెం మింగింది. సాయంత్రం ఆమె మంచం పక్కన మోకరించి, నా చేతులు ఆమె చేతి మీద పెట్టి మొదలుపెట్టాను. “ప్రభువా, ఈ దినం పెద్దమ్మ రెండు చెంచాల గంజి తాగింది, స్తోత్రం.”

ఆమె పెదవులు కదిలాయి. నేను చెవి దగ్గర పెట్టాను.

“మూడు” అంది.

ఆదివారం ఆరాధన సమయానికి ఆమె వెళ్ళిపోయింది. ఆ తరవాత కూడా మాట్లాడిందేమో తెలియదు, నేను విన్న చివరి మాట మాత్రం అదే.

నేను మారిపోయానని చెప్పను. కెరెన్ బడి నుంచి పది నిమిషాలు ఆలస్యంగా వస్తే ఇప్పటికీ వీధి చివర దాకా పోయి నిలబడతాను. డానియేలు రైలు ఆలస్యమైతే నాకు ఇప్పటికీ ముద్ద దిగదు. నా ప్రార్థనలో సగం ఈనాటికీ బతిమాలుకోవడమే. మిగతా సగం మాత్రం ఆమె ఇచ్చింది. సాయంత్రం కూర్చుని ఆ రోజులో దొరికినవి చెప్పుకుంటాను. కొన్ని రోజులు రెండే దొరుకుతాయి. భయం ఎక్కువైన రోజున ఆ రెండూ కష్టమే. అంతేలే అని లేవబోతాను. అప్పుడు “మూడు” అని ఆమె గొంతు వినిపిస్తుంది, అలసిపోయి, కొంచెం కసురుతున్నట్టుగా. మళ్ళీ కూర్చుంటాను. ఈ రోజును మొదటి నుంచి ఇంకోసారి చూస్తాను. ఇంతవరకూ ఒక్కసారి కూడా ఆమె లెక్క తప్పు కాలేదు.